లైన్లోనే ఉండండి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో నరేంద్ర వాళ్లింట్లో పొయ్యి మీద పాలు పొంగడమూ హాల్లో ఫోను మోగడమూ ఇంచుమించు ఒకేసారి జరిగేవి. పాల సంగతి అమ్మ చంద్రకాంతమ్మ చూసుకునేది. ఫోను మాత్రం తమ్ముడు చక్రధర్‌ది. అప్పటికే మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కాన్వాసు బూట్లు బిగించుకుని, ఫోను పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. మోగీ మోగకముందే ఎత్తి, "చెప్పండి మేడమ్, రెడీగా ఉండాను" అనేవాడు. అవతల తిరుపతి నుంచి లోకేశ్వరి.

లోకేశ్వరి అక్కడ ఒక ఆస్పత్రిలో పేషెంట్ల చేత కసరత్తులు చేయించే అమ్మాయి. చక్రధర్‌ని ఆమె ఒక్కసారే చూసింది. మిగతా పరిచయమంతా ఫోనులోనే. అప్పుడింకా సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాలేదు. ఫోనంటే ఇంట్లో ఒక మూల, ఒక బల్ల మీద, ఒక గుడ్డ కప్పుకుని కూర్చునేది.

చక్రధర్‌కి డిగ్రీ చదివే రోజుల్లో స్కిజోఫ్రేనియా మొదలైంది. ఎవరూ లేని చోటి నుంచి మాటలు వినపడేవి. లేచి రమ్మని అవి పిలిస్తే లేచి పోయేవాడు. ఒకసారి కాణిపాకం రోడ్డులో చెరకు తోటల మధ్య దొరికాడు. ఇంకోసారి శ్రీహరికోటకు దగ్గరలో, బస్సు దిగి ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఇంటికి కబురు చేశారు. మందులు పడ్డాక ఆ గొంతులు చాలావరకు అణిగాయి. కానీ వాటితో పాటు ఇంకేదో కూడా అణిగిపోయింది. ఒక మాట అడిగితే జవాబు వచ్చేలోపు చేతిలో కాఫీ చల్లారిపోయేది. ఉప్పు తెమ్మని పంపితే, వీధి చివర నిలబడి, ఏం తేవాలో గుర్తురాక అక్కడే ఉండిపోయేవాడు.

"గొంతుల పని మందు చూసుకుంటుందమ్మా. జ్ఞాపకం, ఆలోచన మందుతో తిరిగి రావు. దానికి ఒళ్లూ బుర్రా రెండూ కలిసి పనిచేయాలి, అదీ రోజూ చేయాలి," అన్నాడు డాక్టరు. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో తిప్పడం చంద్రకాంతమ్మ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఫోను.

మొదట్లో అంతా ఇంట్లోనే నడిచింది. చేతులు పైకెత్తి దించడం, మిద్దె మెట్లు ఎక్కి దిగడం, దిగుతూ మామిడికాయల పేర్లు చెప్పడం. తోతాపురి, బేనీషా, నీలం, రుమానీ, మల్గోవా. ఆ తర్వాత అవే పేర్లు వెనక నుంచి ముందుకు. మెట్లకూ ఫోనుకూ మధ్య పరుగెత్తి వచ్చి జవాబు చెప్పి మళ్లీ పరుగెత్తడంలోనే సగం కసరత్తు అయిపోయేది.

ఒకరోజు లోకేశ్వరి, "ఈ పొద్దు నడవాల అన్నా. వేగంగా, ఆయాసం వచ్చేదాకా. నేను అడగతా ఉంటాను, మీరు చెప్తా ఉండాల. ఫోను పెట్టేయొద్దు. లైన్లోనే ఉండండి," అంది.

ఆమె ఉద్దేశం హాల్లో అటూ ఇటూ నడవమని. ఇంకెవరైనా అయితే అదే చేసేవాళ్లు, లేదా ఫోను పట్టుకుని ఎట్లా నడిచేదని అడిగేవాళ్లు. చక్రధర్‌కి అప్పట్లో అడిగే అలవాటు పోయింది, చెప్పింది చెప్పినట్టు చేయడమే ఉండేది. నడవమంది, లేచాడు. పెట్టేయొద్దంది, పెట్టలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని గడప దాటాడు. మెలికల తీగ ఆయనగారి వెంట గడప దాటింది, గేటు దాటింది, వీధి మలుపు తిరిగింది. కోర్టు ముందు నుంచి, బస్టాండు పక్క నుంచి, మామిడి మండీ దాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు బుద్ధిగా ముడుచుకుంటూ బల్ల మీదికి వచ్చేసింది.

ఊళ్లో ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. వీధి మలుపులో పూలమ్మే కుప్పమ్మ మూరలు కొలిచిన మల్లెదండలను కాసేపు దాని మీద ఆరేసుకునేది. ఆటోవాళ్లు, "వైరు పోతా ఉండాది, చూసి పోనీ" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. టెలిఫోను లైన్‌మన్ వరదయ్య మాత్రం పని మీద వచ్చినట్టు ఒకసారి వచ్చి, తీగను వేళ్లతో మీటి, "మాట బాగా ఇనపడతా ఉండాదా అమా?" అని చంద్రకాంతమ్మను అడిగాడు. బాగానే ఉందని ఆమె చెబితే కాఫీ తాగి వెళ్లిపోయాడు.

దారి పొడుగునా లోకేశ్వరి ఊరికే ఉండనిచ్చేది కాదు. ఎర్రగా ఏమేం కనిపించాయి, అందులో మొదట చూసింది ఏది, కోర్టు ముందు నిలబడిన వాళ్లలో గొడుగు ఎవరి దగ్గర ఉంది, అన్నీ నడక ఆపకుండా చెప్పాలి. మొదట్లో చక్రధర్‌కి ఒక్కటీ నిలిచేది కాదు. నడిస్తే మరచిపోయేవాడు, గుర్తు తెచ్చుకుంటే నిలబడిపోయేవాడు. రెండూ కలవడానికి చాలాకాలం పట్టింది. కలిశాక ఒకరోజు అన్నం దగ్గర తల పైకెత్తి, "అన్నా, నీ సొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు" అన్నాడు. చంద్రకాంతమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది సంతోషమని ఆమెకి తప్ప ఎవరికీ తెలియలేదు.

నరేంద్ర గుండీ లేని చోట చేత్తో తడుముకున్నాడు గానీ కరగలేదు. అతను చెడ్డవాడేం కాదు. భయపడి భయపడి విసిగిపోయినవాడు. నాయన పోయినప్పటి నుంచి మండీలో కాయల కొట్టు చూసుకోవడమూ తమ్ముణ్ణి వెతకడమూ రెండూ అతని పనులే. ఏదో ఒకరోజు పోలీసులు వచ్చి ఆస్పత్రికి పిలిచి, శవం మీది గుడ్డ తీసి, గుర్తుపట్టమంటారని అతనికి లోలోపల ఎప్పుడూ ఉండేది. అందుకే తమిళనాడు బార్డరు అవతల, ఇట్లాంటి రోగుల్ని ఉంచుకునే ఒక హోముతో మాట్లాడి పెట్టుకున్నాడు. అక్కడ ఎత్తైన గోడలున్నాయి, గేటుకి ఎప్పుడూ తాళం ఉంటుంది. కాయల సీజను అయిపోగానే వ్యాను వస్తుంది.

"బాగైపోతా ఉండాడు కదరా," అంది చంద్రకాంతమ్మ. "నడస్తా ఉండాడు, మాట్లాడతా ఉండాడు."

"తీగ పట్టుకోని పోతాడు, తీగ పట్టుకోని వస్తాడు. దాన్ని రావడమంటారా అమా? ఆ తీగ యాడన్నా తెగితే?"

"వానికి తెలుసురా ఇల్లు."

"తెలిస్తే రమ్మను చూద్దాం! ఒక్క దినం వాడంతట వాడు, తీగ లేకుండా ఇంటికి వచ్చినాడంటే, ఇంగ నేను ఆ హోము మాట ఎత్తను. సత్తెంగా ఎత్తను."

ఈ మాటలన్నీ చక్రధర్ ఎదురుగానే జరిగాయి. అతను స్టూలు మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. నిదానంగా ఉండేవాళ్ల ముందర మనుషులు ఏమైనా మాట్లాడేస్తారు, వాళ్లు వినరని నమ్మకం కాబోలు. చక్రధర్ ముడి వేసి, లాగి చూసుకుని, రెండో బూటు అందుకున్నాడు.

సీజను అయిపోయింది. మండీలో చివరి తోతాపురి కుప్ప ఒకటి మిగిలిందనగా, ఒక పొద్దున వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చంద్రకాంతమ్మ అతనికి కాఫీ ఇచ్చింది. నరేంద్ర హాల్లోకి చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది. రిసీవరు లేదు. తీగ గడప దాటి బయటికి పోయింది.

"పొద్దన్నే పోయినాడు," అంది తల్లి, కొడుకు మొహం చూడకుండా.

స్కూటరు తీస్తే తీగ చక్రంలో పడుతుందని నరేంద్ర నడిచే బయల్దేరాడు. ఇన్నాళ్లూ దాన్ని అందరిలాగే దాటుకుంటూ పోయాడే తప్ప ఇంత దగ్గరగా చూడలేదు. మలుపులో కుప్పమ్మ కొట్టు ముందు తీగ నేల మీద లేదు, తలకి తగలనంత ఎత్తున పందిరి గుంజకి జారుముడి వేసి ఉంది.

"మీ తమ్ముడే కట్టినాడు," అంది కుప్పమ్మ. "పూల బుట్టలు దించే టైము కదా, కాళ్లకి అడ్డం పడతాదని. దినామూ కడతాడు, వచ్చేటప్పుడు ఇప్పుకోని పోతాడు."

బడి గేటు దగ్గర తీగను గోడ వారకి జరిపి, పిల్లలు తట్టుకోకుండా ఇటుకలు పెట్టి ఉంది. కోర్టు ముందు, కక్షిదారులు కూర్చునే బెంచీ వెనక నుంచి చుట్టు తిప్పి ఉంది. ఎవరు ఎక్కడ నడుస్తారో, ఎక్కడ కూర్చుంటారో అన్నీ ఆలోచించి పెట్టినట్టుంది. ఇవన్నీ తన తమ్ముడు చేశాడంటే నరేంద్రకి నమ్మబుద్ధి కాలేదు. అడుగులు పెంచి మండీలోకి పోయాడు.

తీగ అతని కొట్టు ముందున్న అరుగు ఎక్కింది. అరుగు మీద మిగిలిన తోతాపురి కుప్ప. కుప్ప మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు. తువ్వాలు మీద రిసీవరు. మనిషి లేడు.

నరేంద్ర అరుగు ఎక్కి కొట్టు లోపలికి తొంగి చూశాడు. కొట్టు వెనక్కి పరుగెత్తాడు, లారీల కింద వంగి చూశాడు, తమ్ముణ్ణి పేరు పెట్టి అరిచాడు. చివరికి ఏం చేయాలో తోచక రిసీవరు తీసి చెవికి పెట్టుకున్నాడు.

"నరేంద్రన్నా? నేను లోకేశ్వరిని. లైన్లోనే ఉండండి."

"మా వాడు యాడమ్మా? ఈడ లేడు!"

"ఉండడన్నా. ఇంటికి బయల్దేరినాడు. ఈ పొద్దు తీగ లేకుండా పోతాను మేడమ్ అన్నాడు."

"నువ్వు పొమ్మన్నావా? దోవ తప్పితే ఎవురు పూచీ?"

"నాకూ బయంగానే ఉండాదన్నా. అయినా అడిగిన మనిషిని వద్దనలేకపోతిని. మీ గురించి కూడా చెప్పినాడు. మా అన్న తీగ పట్టుకోని ఈడికి వస్తాడు, నేను కనపడకపోతే బయపడిపోతాడు, ఒక్కడే రాలేడు, మీరు లైన్లో ఉండి ఇంటిదాకా నడిపించుకోని రండి మేడమ్ అన్నాడు."

నరేంద్ర కుప్ప మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నడవండన్నా. వేగంగా. దోవలో ఎర్రగా ఏమేం కనపడతాయో చెప్తా రండి."

"నాకెందుకమ్మా అవన్నీ!"

"చెప్తా ఉంటే బయం తగ్గుతాది."

నడిచాడు. పుట్టినప్పటి నుంచి తిరుగుతున్న దారే. ఎర్రగా పోస్టు డబ్బా ఒకటి, ఇంకేదో చూసినట్టే ఉంది, అడిగేసరికి పోయింది. నడక చూసుకుంటే మాట తప్పుతోంది, మాట చూసుకుంటే కాళ్లు ఆగుతున్నాయి. ఆయాసంతో ఒకటి రెండుసార్లు తిట్టుకున్నాడు. తమ్ముడు రోజూ ఇదే పని నవ్వు మొహంతో చేసి వచ్చి స్నానానికి పోయేవాడని గుర్తొచ్చింది. బెంచీ వెనక తీగ తప్పించాడు, బడి దగ్గర ఇటుకలు పక్కన పెట్టాడు, కుప్పమ్మ పందిరి దగ్గర జారుముడి విప్పాడు. ఒక్క లాగుకే ఊడి వచ్చింది.

వీధి మలుపు తిరగ్గానే వ్యాను కనపడింది. దాని పక్కన మెట్టు మీద, చొక్కా అంతా చెమటతో తడిసి, చక్రధర్ కూర్చుని ఉన్నాడు. చంద్రకాంతమ్మ కొంగుతో అతని మెడ తుడుస్తోంది. డ్రైవరు రెండో కాఫీ తాగుతున్నాడు.

"వచ్చినావా అన్నా," అన్నాడు చక్రధర్. "కూచో. ఆయాసం తగ్గినాక నీళ్లు తాగాల, ముందు తాగకూడదు."

నరేంద్ర గేటు పట్టుకుని నిలబడ్డాడు. "ఏ దోవలో వచ్చినావురా? నాకు ఎదురుపడలేదే?"

"కట్టమంచి చెరువు పక్కనుంచి సుట్టు తిరిగొచ్చినాను. నువ్వు ఎదురుపడితే సెయ్యి పట్టుకోని తీసుకోనొస్తావు. అప్పుడు నా అంతట నేను వచ్చినట్టు కాదు కదా."

"ఆ గొంతులు... రాలేదా?"

చక్రధర్ కాసేపు ఆలోచించాడు. అయినా డ్రైవరు చేతిలో కాఫీ చల్లారేంతసేపు కాదు. "వచ్చినాయి. చెరువు కాడ బస్సెక్కమన్నాయి. నేను కాయల పేర్లు ఎనక నుంచి చెప్పుకుంటా నేరుగా వచ్చేసినాను."

నరేంద్ర డ్రైవరు వైపు తిరిగాడు. "పోయిరా అప్పా. మండీలో కాయలు మిగిలుండాయి, వేసుకోని పో," అన్నాడు. డ్రైవరు ఎవరినీ ఎక్కించుకోకుండా వ్యాను తిప్పుకున్నాడు. చంద్రకాంతమ్మ ఈసారి వంటింట్లోకి పోలేదు, వాకిట్లోనే నిలబడి ఏడ్చింది.

రిసీవరు ఇంకా నరేంద్ర చేతిలోనే ఉంది. అందులోంచి లోకేశ్వరి గొంతు సన్నగా వస్తోంది. "అన్నా? ఇల్లు చేరినారా? ఆయన వచ్చినాడా?"

నరేంద్ర దాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"వచ్చినాడమ్మా," అన్నాడు. "వాడంతట వాడు వచ్చినాడు."

అవతల ఆమె కుర్చీలో కూలబడిన చప్పుడు వినపడింది. అయినా ఆమె పెట్టేయలేదు, లైన్లోనే ఉంది.