మగచేప పరీక్ష

మా ఆయన మస్తాన్ వలి దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక చేపపిల్లల హేచరీలో పనిచేస్తాడు. హమూర్ చేప గుడ్లు పెట్టాలంటే నీళ్ల వెచ్చదనం, వెలుతురు కుదరాలి. అప్పటికీ మొండికేస్తే హార్మోన్ సూది వేస్తారు. ఆ హార్మోన్ పేరే నా మందుల చీటీలోనూ ఉంది. పెళ్లయి ఐదేళ్లు, పిల్లల కోసం సూదులు రెండు విడతలు. మూడో విడతకు రేపు క్లినిక్‌కు రమ్మన్నారు. ఆయన్నూ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ రెండుసార్లు రాసింది గానీ, ఆయనకు సెలవు దొరకలేదట.

ఈ సాయంత్రం ఆయన చిరాగ్గా వచ్చాడు. "కొత్తోడు మగచేపను చూడకుండానే ఆడచేపకు సూది వేసేశాడు. గుడ్లన్నీ ఖలాస్. ముదీర్ నన్ను తిట్టాడు." ముదీర్ అంటే వాళ్ల మేనేజరు.

"మగచేపనేం చూస్తారు?"

"పొట్ట నొక్కితే తెల్లగా పాలు రావాల, అప్పుడే గుడ్లు పిల్లలవుతాయి. అదే కదా మొదటి పని!"

"మరి మనింట్లో ఆ మొదటి పని ఎప్పుడు?" అన్నాను, చేపల పులుసు వడ్డిస్తూ.

విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తమ్మ ఖాసింబీ ఉలిక్కిపడింది. "ఏమ్మే, మా వంశంలో మగోళ్లకు పరీక్షలా?"

"వంశం సంగతి నాకు తెలీదత్తమ్మా, ఇది మీ అబ్బాయి చెప్పిన రూలే. ఆయన పరీక్ష అయ్యాకే నాకు సూది."

ఆయన ముక్కలోంచి ముల్లు ఏరి కంచం అంచున పెట్టాడు. "పొట్ట నొక్కుతారా?" అన్నాడు.

"నొక్కరులెండి. చిన్న డబ్బా ఇస్తారు."

వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేశాను. రేపటి పేషెంటు ఎవరని అక్కడి అమ్మాయి అడిగితే, అత్తమ్మకు వినబడేలా ఆయన పూర్తి పేరు చెప్పాను.