నంబరు లేని భర్త

జనవరి ఆఖరు నుంచి ఏప్రిల్ సగం దాకా అంపారో కిరోస్ తన దుకాణంలో పెళ్లి గౌన్లను ఒక గోడవైపు నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోట బల్ల, కంప్యూటరు, నాలుగు కుర్చీలు వేస్తుంది. అమెరికా సరిహద్దు ఊరు ఎల్ పాసోలో, మెక్సికోకు వెళ్లే వంతెనకు దగ్గరి వీధుల వాళ్లు పన్ను లెక్కలు ఇలాంటి దుకాణాల్లోనే చేయించుకుంటారు. ఏప్రిల్ దాటగానే గౌన్లు మళ్లీ వాటి చోటికి వస్తాయి.

ఆ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నోయెమి బాయెసా వంతు వచ్చింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎల్ పాసోలో పుట్టింది, అమెరికా పౌరురాలు, బడి వంటశాలలో పనిచేస్తుంది. కిందటి జూన్‌లో పెళ్లయ్యాక అవతలి ఒడ్డున మెక్సికో ఊరు హువారెస్‌లో, భర్త లిబ్రాదో ఇంట్లో ఉంటోంది. తెల్లవారుతూనే వంతెన దాటి పనికి వస్తుంది, పని కాగానే దాటి ఇంటికి వెళ్తుంది.

అంపారో ఆమె జీతం కాగితం చూసి అంకెలు ఎక్కించింది. తర్వాత తెర మీద ఒక గడి నొక్కింది.

"మద్రీనా, అదేం నొక్కారు?" నోయెమి అడిగింది.

"అవివాహిత అని."

"నాకు పెళ్లయింది కదా."

"నాకు తెలీదా అమ్మాయ్? తాడు వేసిందే నేను."

హువారెస్ చర్చిలో పెళ్లి తంతుగా నోయెమి, లిబ్రాదోల భుజాల చుట్టూ మైనపు పూల తాడు కలిపి వేసింది అంపారో, ఆమె భర్త. అప్పటినుంచి నోయెమికి ఆమె మద్రీనా, అంటే తల్లి వరస.

"మీరే వేశారు, మీరే తీసేస్తున్నారా?"

కుర్చీల్లో వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. అంపారో కూడా నవ్వింది.

"నేను తీయట్లేదు, ఈ మిషను తీస్తోంది. వివాహిత అని నొక్కితే మొగుడి పన్ను నంబరు అడుగుద్ది. ఆయనకి ఈ దేశపు నంబరేదీ? నంబరు లేకపోతే ముందుకు కదలదు. మొగుడు అవతల ఉన్నవాళ్లు ఈ వీధిలో ఎంతమంది లేరు? ఫిబ్రవరి వస్తే అంతా కన్నెపిల్లలే. ఏప్రిల్ దాటాక మళ్లీ కాపురాలు."

"నాకు నలుగురు పిల్లలు," అంది వెనక కూర్చున్న సెలీనా. "నేనూ కన్నెపిల్లనే."

ఈసారి నోయెమి తప్ప అందరూ నవ్వారు.

"కింద సంతకం పెట్టేది నేను," అంది నోయెమి. "పైన రాసిందంతా నిజమని పెట్టే సంతకం అది. అబద్ధం మీద పెట్టను. ఇంకో దారి లేదా?"

అంపారో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండున్నాయి. ఒకటి, ఆయనకి నంబరు అడగడం. పాస్‌పోర్టు చూపించాలి, అక్కడ సంపాదించేదంతా చెప్పాలి. ఇద్దరి లెక్కా కలిపి పంపిస్తే నీకు పన్నులోంచి తిరిగొచ్చేది ఇప్పటికంటే ఎక్కువే. రెండోది, నీ లెక్క నువ్వే, వివాహితగా. ఆయన పేరు రాసి, నంబరు గడిలో మూడక్షరాలు చేత్తో రాయాలి, ఇక్కడ ఉండని విదేశీయుడని. అది కంప్యూటర్లో పోదు. అచ్చు తీసి పోస్టులో పంపాలి."

"డబ్బు తగ్గుద్దా?"

"తగ్గదు. ఇప్పుడెంతో అంతే. ఇప్పుడైతే మూడు వారాల్లో వస్తుంది. కాగితానికి ఎండాకాలం పోవచ్చు, ఇంకా పోవచ్చు. అందుకే ఎవరూ పంపరు, నేనూ చెప్పను."

ఆ డబ్బుకు ఇంట్లో అప్పటికే పని అనుకున్నారు. లిబ్రాదో సోఫాలకు, బస్సు సీట్లకు గుడ్డా తోలూ వేస్తాడు. తోలు కుట్టే మిషను అతనికి లేదు. పక్క దుకాణంవాడి దగ్గర రోజు అద్దెకు తీసుకుంటాడు, అదీ వాడికి పని లేనప్పుడే. ఒక ముసలాయన తన పాత మిషను అమ్ముతానన్నాడు, మార్చి నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

"ఇంట్లో అడిగి వస్తాను," అని నోయెమి లేచింది.

ఆదివారం ఆమె, లిబ్రాదో ఇద్దరూ ఎల్ పాసోలో ఆమె తల్లి ఇంటికి వెళ్లారు. లిబ్రాదోకు సందర్శకుల వీసా ఉంది. దాన్ని అతను ఆదివారాల్లో అత్తగారు చేసే పేగుల పులుసు, మెనూదో, తినడానికే వాడతాడు. నోయెమి తమ్ముడు ఒసియెల్ కూడా వచ్చాడు. అతను లారీ డ్రైవరు. నోయెమి పన్ను సంగతి తల్లికి చెబుతుంటే మధ్యలో అందుకున్నాడు.

"నేను పెళ్లిరోజే చెప్పాగా అక్కా, ఇది కాగితాల కోసం పెళ్లని. ముందు నంబరు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు. ఆ తర్వాత ఇల్లు. ఏం బావా, వరస సరిగ్గా చెప్పానా?"

"ఒరేయ్, తిను," అంది తల్లి.

లిబ్రాదో గిన్నెలో నిమ్మకాయ పిండుకున్నాడు.

"సరిగ్గా చెప్పలేదు బావమరిదీ. ముందు మెనూదో. ఆ తర్వాత ఇంకో గిన్నె. ఆ తర్వాత ఇంటికి పోతా."

"మాటలకేం. ఆ నంబరు వద్దంటే అప్పుడు నమ్ముతా."

లిబ్రాదో రొట్టె తుంచి పులుసులో ముంచాడు. నోయెమి తమ్ముడి వైపు చూసింది.

తిరిగి వెళ్తూ వంతెన మీద ఆమే మాట ఎత్తింది.

"నంబరు అడుగుదాం. వాడి మాటలు వదిలెయ్. ఎంతమంది తీసుకోవట్లేదు, అదేం తప్పు?"

"తప్పని నేనన్లేదు ముసలీ." పెళ్లయిన వారం నుంచి అతను ఆమెను అలాగే పిలుస్తాడు. "అవసరం ఉన్నవాడు తీసుకుంటాడు. నాకు అవసరం లేదు. నా పనీ, నా ఇల్లూ అక్కడున్నాయి. నువ్వూ రాత్రికి అక్కడికే వస్తావు. ఇంక ఆ నంబరు నేనేం చేసుకోను?"

"అయితే అవివాహిత అని పెట్టి పంపించెయ్యనా? వచ్చే నెలకి మిషను ఇంట్లో ఉంటుంది."

ఇద్దరూ వంతెన నడుమ సరిహద్దు పలక దాటారు. వాళ్లను తోసుకుంటూ జనం నడిచి పోతున్నారు.

"ఆ మిషను మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఏం గుర్తొస్తుంది?" అన్నాడు. "తనకు మొగుడు లేడని మా ఆవిడ సంతకం పెట్టి కొన్నది ఇది అని. నాకొద్దు. అద్దె మిషను అలవాటే. నంబరు వద్దు, అబద్ధమూ వద్దు. ఆ చేత్తో రాసే దారేదో అన్నావే, అది చేయించు. నేనూ వస్తాను."

"నువ్వెందుకు? నీ పాస్‌పోర్టు కూడా అక్కర్లేదన్నారు."

"రాసేది నా పేరు. చూడనా?"

బుధవారం అతను తన దుకాణం మూసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నోయెమితో వచ్చాడు. అంపారో కుర్చీ జరిపింది. నోయెమి ఏం చేయాలో చెప్పింది.

"కలిపి పంపితే ఎక్కువ వస్తుందని అల్లుడికి చెప్పావా?"

"చెప్పింది," అన్నాడు లిబ్రాదో. "వద్దండి."

"తర్వాత నన్ననకూడదు."

"అనను."

అంపారో కాగితాలు అచ్చు తీసింది. భర్త పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. నల్ల సిరా పెన్ను తీసుకుని, లిబ్రాదో అర్రెయోలా అని రాసి ఆపింది.

"మా అమ్మ ఇంటిపేరు? మాకు రెండూ రాస్తారు," అన్నాడు లిబ్రాదో.

"ఈ దేశంలో ఒక్కటి చాలు అల్లుడూ. చోటు కూడా లేదు."

"మీరు చేత్తోనే రాస్తున్నారు కదా. కొంచెం చిన్నగా రాయండి."

అంపారో ఆ పక్కన వెన్సోర్ అని ఇరికించింది. చివరి అక్షరం గీత దాకా వెళ్లింది, దాటలేదు. తర్వాత నంబరు గడిలో మూడు అక్షరాలు రాసింది.

"ఇవేంటి?"

"నువ్వు ఈ దేశంలో ఉండవని, ఈ దేశస్థుడివి కాదని. నీకు నంబరు లేదని దానర్థం."

లిబ్రాదో కాగితం తన వైపు తిప్పుకుని ఆ వరస మళ్లీ చదివాడు. పైన నోయెమి పేరు, పక్కన వివాహిత గడిలో గుర్తు, తన పేరు, ఆ మూడు అక్షరాలు.

"బాగుంది. మీ తమ్ముడికి ఇది చూపించు ముసలీ. పెళ్లయిందని రాశారు, నంబరు లేదని రాశారు. రెండూ ఒకే కాగితం మీదున్నాయి."

"ఫోన్లో ఇప్పుడే పంపిస్తా," అని నోయెమి ఫొటో తీసింది.

"నేనెక్కడ సంతకం పెట్టాలి?" అతను అంపారోని అడిగాడు.

"నీది అక్కర్లేదు. లెక్క ఆమెది."

"అయితే చూస్తాను."

నోయెమి సంతకం పెడుతుంటే అతను బల్ల పక్కన నిలబడి చూశాడు. బడిలో సరుకుల రసీదుల మీద ఆమె గబగబా పొట్టి సంతకం గీస్తుంది. ఇక్కడ పేరు మొత్తం రాసింది.

గౌన్ల వైపు నుంచి సెలీనా వచ్చింది. కూతురికి గౌను సైజు చూస్తూ అంతా వింటూ ఉంది.

"అంపారో, నాది పంపేశావా?"

"రేపు నొక్కుదామనుకున్నా."

"నొక్కకు. మా ఆయన్ని అడిగి చెప్తా."

"మొదలైంది," అంది అంపారో. "ఇక ఏడాదంతా నేను చేత్తో రాస్తూ కూర్చోవాల్సిందే." అని ఆ పెన్ను సొరుగులో పెట్టబోయి, బల్ల మీదే ఉంచింది.

పోస్టాఫీసు రెండు వీధుల అవతల ఉంది. కవరు లిబ్రాదో పట్టుకున్నాడు, వరసలో కూడా అతనే నిలబడ్డాడు. కిటికీ దగ్గరి అమ్మాయి కవరు తూచి, అందరినీ అడిగే ప్రశ్న ఇంగ్లీషులో అడిగింది. అతను నోయెమి వైపు చూశాడు.

"లోపల పగిలేవి, కారేవి, పాడయ్యేవి ఏమైనా ఉన్నాయా అంటోంది."

"ఏవీ లేవని చెప్పు," అన్నాడు లిబ్రాదో. "చేరినట్టు రసీదు వస్తుందా అని కూడా అడుగు."

ఆమె అడిగింది. వస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. రసీదు ఎవరి పేరున పంపాలని అడిగితే నోయెమి ఇద్దరి పేర్లూ రాయించింది.