కప్పమ్మను మోసిన రోకలి

ఊరి పక్కన పారే గెడ్డ పొంగి పశువుల పాకలన్నీ ఊడ్చుకుపోయిన వరద వచ్చింది చూడండి, ఆ తర్వాత రెండో ఏడు జరిగింది ఇది. నీళ్లు ఎక్కువై ఏడ్చినవాళ్లే నీళ్లు లేవని ఏడ్చిన ఏడు.

నేను ఒక రోకలిని. సండ్ర మాను చేవ. రెండు కొసలకూ ఇనప పొన్నులు. కొండ దిగువన ఈ ఊళ్లో రైతు గౌరేసు వాళ్లమ్మ నన్ను చేయించుకుంది. ఆమె అరచేతుల కాయలే నా నడుముని నున్నగా చేశాయి. ఆమె పోయాక కోడలు, గౌరేసు పెళ్లాం ఎర్రమ్మ చేతికి వచ్చాను. తర్వాత ఊళ్లోకి మిల్లు వచ్చింది. నన్ను మూల నిలబెట్టారు. మూలనున్నదానికి పసుపూ బొట్టూ ఎక్కువ, పని తక్కువ. మనుషుల్లోనూ అంతే అనుకుంటాను.

ఒక్క పని మాత్రం మిగిలింది. వాన రాకపోతే కప్పమ్మను మోయాలి. గెడ్డలో కప్పను పట్టి, తడిగుడ్డలో వేపాకులతో చుట్టి నా నడుముకి కడతారు. ఇద్దరు చెరో కొసా భుజాన వేసుకుని ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ చెంబెడు నీళ్లు పోస్తుంది. తాగడానికి లేని నీళ్లు కప్ప మీద పోయడానికి ఎక్కడినుంచి వస్తాయో నాకు తెలియదు. ఊరేగింపయ్యాక కప్పను కుండలో ఉంచి, మర్నాడు కొండమీద ఊటలో వదలాలి. ఎన్నడూ ఎండని నీళ్లలో దింపితేనే అది పైవాడికి కబురు చెబుతుందట.

ఆ ఏడు నారుమళ్లు పసుపెక్కాయి. ఎర్రమ్మ, గౌరేసు కప్ప కోసం గెడ్డకి వెళ్లారు. ఎప్పుడూ కప్పను పట్టాలంటే బురదలో దొర్లాలి. ఈసారి ఒకటి రాతిమీద కాళ్లు చాపుకుని కూర్చుంది. చెయ్యి వేసినా గెంతలేదు.

“సూసినావా? అమ్మోరు పూనింది. దానికదే వొచ్చి కూకుంది,” అంది ఎర్రమ్మ.

గౌరేసు మాట తక్కువ మనిషి. తలూపాడు.

కట్టినప్పుడే నాకు తెలిసింది. దాని తోలు పొరలు పొరలుగా ఊడి నాకు అంటుకుంటోంది. ఏం లాభం? రోకటిపోటుకి భయపడేవాళ్లున్నారు గాని రోకలి మాట వినేవాళ్లు లేరు.

అప్పటికి కొద్ది రోజులుగా రేవతి అనే పిల్ల కప్పల మీద చదువేదో చదువుతూ పట్నం నుంచి వచ్చి, గెడ్డలో కప్పల పొట్టలకి దూదిపుల్లలు రాస్తోంది. తొలిరోజే ఎర్రమ్మ అడిగేసింది: “ఏటమ్మా, కప్పకి నలుగెడతన్నావా? పెళ్లికొడుకేడీ?” ఆ పిల్ల గెడ్డలోంచి వచ్చిన ప్రతిసారీ తన బూట్లని మందునీళ్లలో ముంచేది. ఊరు స్నానాలు మానుకున్న రోజుల్లో బూట్లు స్నానం చెయ్యడం వింతే మరి.

సాయంత్రం ఊరేగింపు ముగిశాక రేవతి మా వాకిట్లోకి వచ్చి కుండలోకి తొంగిచూసింది. మొహం వాడిపోయింది.

“తాతా, దీనికి బూజు తెగులు పట్టింది. కంటికి కనబడదు. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే. ఆ చర్మమే పాడైపోతుంది. కింద గెడ్డంతా ఉంది ఈ తెగులు. పైన ఊటలో ఇంకా లేదు. దీన్ని అక్కడ వదిలితే అక్కడివీ చచ్చిపోతాయి.”

“అయితే వాన నువ్వు తెత్తావేటి?” ఎర్రమ్మ లేచింది. “బూట్లకి తానం సేయించే పిల్ల మాకు సెప్పొచ్చింది! ఊటలో ఇడవకపోతే రేపు ఊరోళ్లు నా మొగుణ్ణి బతకనిత్తారా?”

అదీ నిజమే. వాన వస్తే కప్పమ్మ తెచ్చినట్టు. రాకపోతే మోసినవాడు తప్పు చేసినట్టు.

గౌరేసు చుట్ట వెలిగించాడు.

“కింద గెడ్డలో కప్ప అరిసి ఎన్నాళ్లయింది?” అన్నాడు.

ఎర్రమ్మ గెడ్డవైపు చెవి ఒగ్గింది. అప్పుడే కొండమీద ఊటవైపు నుంచి బెకబెకలు సన్నగా వినబడ్డాయి. ముగ్గురూ విన్నారు.

“అయ్యి కూడా సస్తే, మీదటేడు దేన్ని కడతావే ఈ రోకలికి?” అన్నాడు గౌరేసు.

ఎర్రమ్మ విసురుగా లోపలికి పోయింది. గౌరేసు నాకేసి చూశాడు.

“మరి దీనికో?” అని అడిగాడు ఆ పిల్లని.

“తడి ఉన్నంతసేపూ తెగులు రోకలిమీదా బతుకుతుంది తాతా. బాగా ఎండితే చస్తుంది.”

మర్నాడు పొద్దున్నే గౌరేసు కుండ చంకనెత్తుకుని బయల్దేరాడు. ఊరంతా చూస్తోంది. కొండదారి మొదటిదాకా వెళ్లి, పక్కకు తిరిగి గెడ్డలోకి దిగాడు.

“బావా, దారి మర్సిపోనావేటి?” అని గట్టుమీంచి ఎవరో కేకేశారు.

“నేదు,” అన్నాడు.

కప్పను పట్టిన రాతిమీదే దించాడు. కుండలో నీళ్లు అక్కడే వంపేశాడు. ఇంటికొచ్చి నన్నూ, నాకు కట్టిన గుడ్డనీ కళ్లంలో బండమీద ఎండకి పరిచి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఊరంతా తిట్టిపోస్తున్న ఎండ ఆ పూట మా ఇద్దరికీ కావలసివచ్చింది.

కాసేపటికి కొండ వెనక నల్లగా కమ్మింది. ఎర్రమ్మ కొంగు ఎగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “మబ్బట్టింది! ఓయ్, మబ్బట్టింది!”

గౌరేసు నా నడుము తడిమి చూశాడు. ఇంకా చెమ్మగా ఉంది. వాన కోసం నన్ను ఇంటింటికీ మోసిన మనిషి, మబ్బుకేసి చెయ్యెత్తి, “కాసేపాగు. సాయంత్రం రా,” అన్నాడు.