వరుసకు ఒక వేలు

వీరస్వామి మేస్త్రి పొద్దున లేచి ముఖం కడిగినంక మొదలు చేసే పని గోడ నిలువు పట్టే గుండు దారం చూసుకునుడు. దారానికి ముడి పడ్డదా, గుండుకు మన్ను అంటిందా అని కంటి ముందర పట్టుకొని చూసినంకనే చాయ తాగుతడు. చదువు రాదు. టేపు మీద అంకెలు గుర్తు పడతడు గని వాటిని నమ్మడు. ఆయనకు తన మూర కట్టె ఉన్నది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు వేలుకు ఒక గీటు, మూరకు ఇరవై నాలుగు. ఇంజినీరు కాయిదం ఒకటి చెప్పి ఆ కట్టె ఇంకొకటి చెప్తే, బోధన్ నుంచి నవీపేట్ దాకా ఎవరైనా కట్టె మాటనే వింటరు. ఆయన లేపిన గోడ వంకర పోయిందన్న మాట ముప్పై ఏండ్లల్ల ఎవరి నోట్ల నుంచీ రాలేదు. వస్తే వాని ఇంటి మొఖం మళ్లా చూసేటోడు కాదు.

మాట పడని మనిషి. పడ్డ మాట మరువని మనిషి.

ఆయనకు ఇద్దరితోని మాటల్లేవు. ఒకడు కాలువ అవతలి ఊరి హనోకు, మేనత్త కొడుకు. పదహారేండ్ల కింద వాండ్ల చర్చికి శిఖరం లేపి, పండుగ చేసి, పంక్తిల కూసున్న వీరస్వామిని చూసి, "బావా, మీ చర్చి ఇంకా గొడ్ల కొట్టం లెక్కనే ఉన్నదా? మేస్త్రీ ఉన్న ఊరేనా అది?" అన్నడు. బావ మాట, నవ్వి ఊకుంటే అయిపోయేది. వీరస్వామి విస్తారిల నుంచి లేచి, ఎంగిలి చెయ్యి కడగకుండనే కాలువ దాటి ఇంటికొచ్చిండు. ఆ రోజు నుంచి ఆ ఊరి నీళ్లు ముట్టలేదు. ఆ ఊరోళ్లంతా నడుం వంచుకొని నడుస్తరు. చెరుకు కొట్టి కొట్టి గట్లయిండ్రని అందరంటరు. "కాదు, అడ్డమైనోళ్లకు దండాలు పెట్టి పెట్టి" అనేటోడు వీరస్వామి.

రెండో మనిషి సొంత అక్క, సాయవ్వ.

తల్లి పోయినంక వీరస్వామిని సంకనేసుకొని సాదింది సాయవ్వనే. మొగడు లేడు, పిల్లల్లేరు. ఒక ఏడు చెరుకు బండి మీద పడి ఆమె నడుం బిగుసుకపోయింది. అప్పటి నుంచి వంగుడు లేదు, కూసునుడు లేదు. నిలబడితే నిట్రాడ, పండుకుంటే పలక. వాండ్లుండేది మిషన్‌వాడ, కిరస్తానీల వాడ. ఆ వాడ పిడికెడు బియ్యం కుండ ఆమె ఇంట్లనే ఉంటది. ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇంటి ఆడమనిషి బియ్యంల నుంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడతది. ఆదివారం కొంగుల కట్టుకొచ్చి ఆ కుండల పోస్తది. ఎవరింట్ల పొయ్యి వెలగకుంటే వాండ్లు వచ్చి ముంచుకపోతరు. అడిగేది లేదు, రాసుకునేది లేదు. వాండ్ల అవ్వల కాలం నుంచి గిట్లనే.

ఎనభై ఆరుల, చెరుకు కొట్టుడు అయిపోయిన నెలల, పాస్టరు దేవిదాస్ అయ్యగారు పెద్దమనుషులను కూసుండబెట్టి తమ చర్చి గుడికి శిఖరం లేపుదామన్నడు. కూలి లేకుండ నేను లేపుత అన్నడు వీరస్వామి. సిమెంటుకు, ఇటుకకు ఏంజేద్దామంటే, పిడికెడు బియ్యం అమ్ముదామని ఎవరో అన్నరు. అందరు తలలూపిండ్రు. వెనక గోడకానుకొని నిలబడ్డ సాయవ్వ ఒక్కతే నోరు తెరిచింది.

"గిది అన్నం బియ్యం. ఆకాశానికెందుకు పెడుతుండ్రు?"

"అక్కా, కూసో," అన్నడు వీరస్వామి.

"నాకు కూసునుడు రాదు, నీకెరుకనే." ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. సాయవ్వ నవ్వలేదు. "దేవుడు పుట్టిందే కొట్టంల. గొడ్ల కొట్టమంటే ఆయనకేం సిగ్గు లేదు తమ్మీ. సిగ్గు నీకున్నది. నీ సిగ్గుకు మా బియ్యమెందుకు?"

నిండు సభల. అంతే. అక్క కండ్లల్లకు మళ్లా చూడలేదు ఆయన.

కుండ ఖాళీ అయింది. నిజామాబాద్ నుంచి సిమెంటు వచ్చింది. పని షురువైంది.

మొదటి రోజు మూడు వరుసలు లేపి ఇంటికొచ్చేసరికి పెండ్లాం కమలమ్మ నెత్తికి పసుపు రాసుకుంటున్నది.

"ఏమైంది?"

"దర్వాజ దిగింది. గడప ఎక్కి దాటంగ కొట్టుకున్న," అన్నది, పాలు పొంగినయి అన్నట్టు.

వీరస్వామి మూర కట్టె పెట్టి కొలిచిండు. నాలుగు మూరల దర్వాజ మూడు వేళ్లు తగ్గింది. గోడ పగలలేదు, దూలం వంగలేదు, ఒక్క గూన పెంకు జారలేదు. ఇల్లు ఇల్లంతా సక్కగనే ఉన్నది. మూడు వేళ్లు పొట్టిగున్నది, అంతే. తెల్లారి ఇంకో మూడు వరుసలు లేపిండు. ఇంకో మూడు వేళ్లు దిగింది. వరుసకు ఒక వేలు. పిడికెడు బియ్యం ఇచ్చిన ఇండ్లన్నీ గట్లనే దిగినయి. బియ్యం ఇచ్చేది లేని అయ్యగారి బంగ్లా ఎట్లున్నది అట్లనే ఉన్నది.

వాడ అలవాటు పడ్డది. మొదలు తలలు వంచిండ్రు, తర్వాత నడుములు వంచిండ్రు, పదిహేను రోజులకు మోకాళ్ల మీద పోవుడు నేర్చిండ్రు. మోకాళ్లు నొస్తున్నయన్నరు. పెద్ద గంజులు బయటనే తోమి బయటనే బోర్లించిండ్రు. ఉట్లు నేలకానినయి. "మంచిదే, దేవుని ముందర వంగుడు అలవాటైతది," అన్నడు దేవిదాస్ అయ్యగారు, తన దర్వాజల నిటారుగ నిలబడి. వీరస్వామి మాత్రం వంగలేదు. లోపల ఉక్కపోస్తుందని చెప్పి మంచం, కంచం వాకిట్లకు తెచ్చుకున్నడు.

ఒకనాడు అన్నం పెట్టుకుంట కమలమ్మ అన్నది, "మీ అక్క బయటికొచ్చి రెండు ఆదివారాలాయె."

"రమ్మను."

"నడుం వంగకపోతె ఎట్లొస్తది? గుంజుతమంటే వద్దన్నది. కంచం నేల మీద నూకుతున్న, కట్టెతోని దగ్గరికి గుంజుకొని పండుకునే తింటున్నది."

"నాకెందుకు చెప్తున్నవ్?"

"నీకు గాక ఎవరికి చెప్పాలె?" అని కమలమ్మ గంజు ఎత్తుకొని, మోకాళ్ల మీద లోపలికి పాక్కుంట పోయింది.

యాభై ఆరో వరుస పెట్టిన రోజు శుక్రవారం. ఇంక ఇరవై వరుసలే. దాని మీద శిలువ. ఆ శిలువను బోధన్‌ల చేయించి చెరుకు బండి మీద తెచ్చి గుడి ముందర పండబెట్టిండ్రు. వచ్చే ఆదివారం దాటి పై ఆదివారానికి జిల్లా చర్చిలన్నిటికి పెద్ద, డి.ఎస్. అయ్యగారు జీపుల వచ్చి ప్రతిష్ఠ చేస్తడు. వీరస్వామి పరంజా మీద నిలబడి తాపీ తుడుచుకుంట కిందికి చూసిండు. హనోకు ఊరి శిఖరం కాలువ అవతల పొట్టిగ కనపడ్డది. అది చూడాలెననే పదహారేండ్లు బతికిండు. చూసిండు.

తర్వాత తన వాడ చూసిండు.

నడి ఎండ. వాడంతా చప్పుడు లేదు. గూన పెంకుల కప్పులు భూమికి దగ్గర దగ్గరగ, రెండు వరుసలు, కాలువ గట్టు కింద పీనుగులను పెట్టే తమ బొందల గడ్డ లెక్కనే ఉన్నయి. తేడా ఒక్కటే, ఈ బొందల్ల నుంచి పొగ వస్తున్నది. ఎక్కడి నుంచో పసిపిల్ల ఏడుపు, భూమిల నుంచి వచ్చినట్టు. సాయవ్వ ఇంటి దగ్గర ఒక కోడి గింజలు ఏరుకుంట ఏరుకుంట, రెక్క కొట్టకుండనే కప్పు మీదికి ఎక్కింది.

వీరస్వామి మూర కట్టె పట్టుకొని దిగిండు. "దర్వాజ కొలిచొస్త," అన్నడు కూలోళ్లతోని.

కొలిచిండు. సాయవ్వ దర్వాజ నలభై వేళ్లు. రెండు మూరలు కూడ నిండలేదు.

చుట్టూ చూసిండు. ఎవరూ చూస్తలేరు అనుకున్నడు. అందరు చూస్తున్నరు. పటేండ్ల ముందర, ఇంజినీర్ల ముందర, ఎవరి ముందరా వంగని వీరస్వామి మేస్త్రి రొమ్ము మన్నుకానించి, మోచేతుల మీద అక్క ఇంట్లకు పాకిండు.

లోపల చీకటి కాదు. చీకటి ఇంకా దూరం ఉంటది. ఈ కప్పు మీద పడుతున్నది. పెంకుల సందుల నుంచి చిల్లర పైసలంత వెలుతురు చుక్కలు సాయవ్వ ముఖం మీద పడుతున్నయి. మంచం మీద నిటారుగ పండుకొని ఉన్నది. దూలం ఆమె ముఖం మీదనే ఉన్నది. బియ్యం కుండ మూతి దూలం కింద నలిగి పగిలింది.

"ఎవరు?"

"నేనే."

"నేనంటే?"

"వీరిగాణ్ణి అక్కా."

"ఎన్నో వరుస?"

"యాభై ఆరు."

"ఇంకెన్ని?"

"ఇరవై. ఆపైన శిలువ."

సాయవ్వ చెయ్యి లేపి బొటనవేలు ముక్కు కొస మీద పెట్టుకొని, చెయ్యి చాపింది. చిటికెన వేలు దూలానికి తగిలింది.

"నాకు జానెడున్నది తమ్మీ. పన్నెండు వేళ్లు," అన్నది. "నీకు లెక్కొస్తది గద."

వీరస్వామికి లెక్క వచ్చు.

"మంచంతోని గుంజుత. రా అక్కా."

"పాము లెక్క రాను. ఈ ఇంట్లకు నిలబడి వచ్చిన, నిలబడి వస్త. లేకుంటే గిట్లనే ఉంట." మళ్లా తనే అడిగింది, "శిఖరం సక్కగొచ్చిందా?"

"వచ్చింది."

"నువ్వు కడితే సక్కగ రాకుంటదా," అన్నది. ఆ మాటల ఎత్తిపొడుపు లేదు. అదే ఆయనకు తగిలింది.

శనివారం పొద్దున చాయ తాగకుండనే పరంజా ఎక్కి, యాభై ఆరో వరుసల మొదటి ఇటుక పెరికి కిందికిచ్చిండు. కూలోళ్లు నోర్లు తెరిచిండ్రు. దేవిదాస్ అయ్యగారు చెప్పులు లేకుండ ఉరికొచ్చిండు.

"వీరస్వామీ! ఏం పాడు పని ఇది? పిచ్చి లేసిందా?"

వీరస్వామి గుండు దారం గోడ పొంట వేలాడేసిండు. గాలి లేదు. దారం, గోడ అంచు ఒక్కటే గీత అయి నిలబడ్డయి. కింద నిలబడ్డ పిల్లలకు సుత కనపడుతున్నది.

"వంకరొచ్చిందయ్యా," అన్నడు.

అయ్యగారు దారాన్ని చూసిండు, గోడను చూసిండు.

"ఎవరు కట్టింది వంకర?" అన్నడు అయ్యగారు.

"నేను." ఆ ఒక్క మాటను మోయనీకి ఆయనకు ముప్పై ఏండ్ల గోడలన్నీ అడ్డం వచ్చినట్టు అయింది. మళ్లా అన్నడు, గట్టిగ, వాడంతా వినేటట్టు. "నేనే కట్టిన, వంకర. పడితే మనుషులు సస్తరు. తీసేస్తున్న."

"ఎన్ని వరుసలు?"

"అడుగుదాక."

రెండో ఇటుక, మూడో ఇటుక. వరుస అంతా పోయినప్పుడు వాడల నుంచి ఒక చప్పుడు వచ్చింది, నిద్రల ఉన్న మనిషి పెద్దగ ఊపిరి గుంజినట్టు. దర్వాజలు ఒక వేలు లేచినయి. కమలమ్మ వచ్చి పరంజా కింద కొంగు చాపింది. ఆమె వెనక ఇంకొక ఆడామె. మధ్యాహ్నానికి వాడల ఆడోళ్లంతా ఇటుకలు మోస్తున్నరు. ఏడు రోజులు తీసిండ్రు. పచ్చి సిమెంటు ఊరికనే ఊడింది, కింది వరుసలు ఉలితోని కొట్టాల్సొచ్చింది.

డి.ఎస్. అయ్యగారి జీపు వచ్చిన ఆదివారం నాటికి ఎనిమిది వరుసలే మిగిలినయి. ఆయన దిగి, మెడ ఎత్తి, చూడనీకి ఏం లేక మళ్లా దించుకున్నడు. అప్పుడే వాడ కొసల సాయవ్వ తన దర్వాజల నుంచి బయటికొచ్చింది. తల వంచలేదు, వంచొస్తలేదు. పైకట్టెకు ఆమె పాపిటకు నడుమ ఇంత సందు ఉన్నది. అందరు జరిగి దారిచ్చిండ్రు. నడుచుకుంట వచ్చి ఆ మోడు గోడను అరచేత్తోని ముట్టింది.

"వంకర కట్టినవా తమ్మీ?"

"ఔనక్కా."

"అబద్ధం సుత సక్కగ చెప్పొస్తలేదు నీకు," అన్నది.

తీసిన ఇటుకలను ఎక్కడా నిలబెట్టలేదు. సాయవ్వ ఇంటి నుంచి గుడి దాకా బాటకు పరిచిండ్రు. కొత్త కుండ వచ్చింది. వీరస్వామికి మాత్రం ఆ ఏడంతా పని రాలేదు. మేస్త్రికి కన్ను పోయింది, గుడి గోడనే వంకర కట్టిండట అని బోధన్ దాకా పాకింది. ఆయన ఆ మాటకు ఎదురు చెప్పలేదు. అన్నోళ్ల పేర్లు మాత్రం ఒక్కొక్కటి మనసుల పెట్టుకున్నడు.

వానలు పడ్డంక ఒక పొద్దున వాకిట్ల గుండు దారం చూసుకుంటుంటే, కాలువ గట్టు మీద ఎవరో వస్తున్నట్టు అనిపించింది. మనిషి లెక్క లేడు. నడుం దగ్గర విరిచి కిందికి మడిచినట్టున్నడు. చేతికర్ర ముందర పెట్టుకుంట, తన పాదాలనే చూసుకుంట వచ్చి వాకిట్ల ఆగిండు. హనోకు.

"బావా," అన్నడు నేలతోని మాట్లాడినట్టు. "మీ శిఖరం వంకరొచ్చిందట గద."

"వచ్చింది. నవ్విపోదామని వచ్చినవా?"

"కాదు. మాది సుత వచ్చిందేమో అని."

"నీ కండ్లకేమైంది? చూసుకో పో."

"పదేండ్లాయె బావా, మెడ లేవక. నేనే నిలబడి కట్టిపిచ్చిన, నాకే కనపడదు. పొద్దుమీకి దాని నీడ వాకిట్ల పడితే చూస్త. గంతే." చేతికర్ర మార్చి పట్టుకున్నడు. "మా మనుమరాలు నడక నేర్చింది. వంగి నడుస్తున్నది."

పదహారేండ్లు నాన్చి పెట్టుకున్న మాట ఒకటి వీరస్వామి నాలిక మీదనే ఉన్నది. హనోకు వీపు చూసిండు. ఆ వీపు మీద చాయ గిలాస పెడితే పడదు.

లేచి లోపలికి పోయిండు. దర్వాజ నాలుగు మూరలకు దగ్గర దగ్గరగ లేచింది, అయినా పోయేటప్పుడు తల వంచే పోయిండు. మూర కట్టె పట్టుకొని బయటికొచ్చిండు.

"ఎన్ని వరుసలు?"

"నలభై," అన్నడు హనోకు.

"అయిదు రోజుల పని. పొద్దుగాల్ల వస్త," అన్నడు వీరస్వామి. గుండు దారం కట్టెకు చుట్టి, ముడి చూసుకొని, మళ్లా అన్నడు. "నీళ్లు మీ ఇంట్లనే తాగుత."