అచ్చాయమ్మ చేతి ఉగ్గు

చేపని కంటితో చూడకుండా, వాసనను బట్టి అది ఏ పూట వలలో పడిందో చెప్పగల మనిషి అచ్చాయమ్మ. ముప్ఫై ఏళ్ళుగా నరసాపురం మార్కెట్లో గంప దించుతోంది. ఆవిడ ముక్కు మీద ఆవిడకి ఎంత నమ్మకమో, ఆవిడ చేతి మీద పల్లెకి అంత నమ్మకం. ఏ ఇంట పసిబిడ్డ ఉన్నా పొద్దున్నే ఆవిడ అరుగు మీదికి తీసుకురావలసిందే. సానరాయి మీద వసకొమ్ము రెండు చుట్లు, కరక్కాయ రెండు చుట్లు, శొంఠి ఒక్క చుట్టు అరగదీసి, పక్కనున్న కుండలోంచి నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నె కొమ్ముతో బిడ్డ నోట్లో పోస్తుంది. బిడ్డ మొహం చిట్లిస్తే నవ్వుతుంది. ఆ తరువాతే గంప ఎత్తుకుంటుంది.

2003 వేసవిలో ఆ అరుగు మీదికి నలుగురు పిల్లలు వచ్చేవారు. వాళ్ళలో ఒకతె ఆవిడ మనవరాలు. కొడుకు సురేష్‌బాబు పారాదీపు బోట్ల మీద పనిలో ఉన్నాడు. కోడలు నాగదుర్గ మూడో నెల బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చి నెలన్నర అయింది. బిడ్డకి బారసాలలో పెట్టిన పేరు ఏదో ఉంది గాని అందరికీ పాపాయే. పాపాయి నిద్రపోతుంటే అచ్చాయమ్మ రెండుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఎందుకలా అని కోడలు అడిగితే దోమలు అనేది.

ఆ పల్లెలో ఆరు నెలల లోపు పిల్లలందరినీ బుధవారం బుధవారం చూసిపోవడానికి మంజుష అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. కాకినాడ డాక్టర్లు కొందరు పసిపిల్లల పేగుల మీద పరిశోధన చేస్తున్నారు. మంజుష వాళ్ళ తరఫున బిడ్డని తూచి, ముడ్డిగుడ్డలోంచి మలం ఇంత తీసి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఐసుపెట్టెలో దాచి పట్టుకెళ్ళేది.

“అదేంటండీ అమ్మాయిగారూ, మా చందువ చేపలకి ఐసు దొరక్క మేం చస్తుంటే, మీరు దీనికి ఐసు పెడతారేంటి?” అంది అచ్చాయమ్మ మొదటిరోజు.

“మీ చందువ కంటే ఇదే ప్రియం మామ్మగారూ. కాకినాడ చేరేలోపు ఇది పాడైతే మా డాక్టరుగారు నన్ను ఐసులో పెడతారు.”

“ఇందులో చూసేదేముంటుందండీ?”

మంజుష వాళ్ళది భీమవరం దగ్గర ఊరు, రొయ్యల చెరువుల కుటుంబం. ఆ మాటల్లోనే చెప్పింది. “మా నాన్నగారు చెరువులో రొయ్యపిల్లని వదిలేముందు నీళ్ళకి పచ్చరంగు తిరిగేదాకా ఆగుతారండి. మంచి నాచు ముందు పట్టేస్తే చెడ్డవాటికి చోటుండదు. పసివాళ్ళ కడుపూ అంతే. తల్లిపాలతో మంచి క్రిములు ముందుగా కాపురం పెట్టేస్తాయి. అవి ఎప్పుడు వస్తాయో, ఎందుకు పోతాయో చూడ్డమే మా పని.”

అచ్చాయమ్మకి ఇది కొత్తగా అనిపించలేదు. తల్లిపాలు తాగే బిడ్డ ముడ్డిగుడ్డ పలచటి పెరుగు వాసన వేస్తుందని, ఆ వాసన విరిగిందంటే బిడ్డకి బాగుండదని ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు.

తూకం అయ్యాక మంజుష కాగితం తీసి అడిగేది. “తల్లిపాలు కాక ఇంకేమైనా ఆహారం పెట్టారా?”

“గంగమ్మ తోడండీ, ఏమీ పెట్టలేదు,” అనేది అచ్చాయమ్మ. ఆవిడ అబద్ధం ఆడుతున్నాననుకోలేదు. ఉగ్గు ఆహారమేంటి? స్నానం ఆహారమా, సాంబ్రాణి పొగ ఆహారమా? అదీ అంతే. పల్లెలో ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు. మంజుష ప్రతి కాగితం మీదా ‘తల్లిపాలు మాత్రమే’ అని రాసుకుని వెళ్ళిపోయేది.

ఏప్రిల్ చివర్లో, ఏటా లాగే, కాలువలకి నీళ్ళు రాకుండా కట్టేశారు. మంచినీళ్ళ చెరువు రోజుకో మెట్టు దిగసాగింది. పెద్దవాళ్ళు ఆ నీళ్ళనే గుడ్డలో వడకట్టుకుని తాగారు. మే రెండో వారానికి పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ముందు ఎదురింటి పిల్లాడికి, తరువాత వెనకవీధి కవలలకి. మంజుషకి దిగులు పట్టుకుంది.

“తల్లిపాలు తప్ప ఏమీ తాగని పిల్లలు మామ్మగారూ! వీళ్ళకి ఇలా రాకూడదు. నేనే డబ్బాలు సరిగ్గా పెట్టడం లేదేమోనని మా డాక్టరుగారికి అనుమానం. వచ్చే బుధవారం ఆయనే వస్తున్నారు. లెక్క తేలకపోతే ఈ పల్లెని పరిశోధనలోంచి తీసేస్తారట.”

“తీసేస్తే తీసేశారు. మీరెందుకు ఏడుస్తారండీ?” అంది అచ్చాయమ్మ. అంది గాని ఆవిడ మనసు అక్కడ లేదు. కాలువలు కట్టేసిన నెల అంటేనే ఆవిడకి గుబులు.

సోమవారం పొద్దున్న పాపాయి గుడ్డ మార్చబోతూ ఆవిడ ఆగిపోయింది. రంగు ఇంకా మారలేదు, కాని వాసన విరిగింది. మధ్యాహ్నానికి నీళ్ళలా పోసింది. సాయంత్రానికి ఏడుసార్లు. నాగదుర్గ బిక్కమొహం వేసుకుని బిడ్డని రొమ్ముకి పట్టుకునే కూర్చుంది.

“మా అమ్మ దగ్గరికి తీసుకుపోతానత్తా,” అంది మెల్లగా. “అక్కడున్నన్నాళ్ళూ దీనికి తుమ్ము కూడా రాలేదు.”

అచ్చాయమ్మకి ఆ మాట మేకులా దిగింది. ఇల్లు వదిలి వెళ్ళిన బిడ్డ తిరిగి రాకపోవడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ముప్ఫై ఏడేళ్ళ కిందట తొలిచూలు కొడుకు, నాలుగు నెలలవాడు, ఇలాంటి మే నెలలోనే ఇలాగే నీళ్ళలా పోసి, ఆసుపత్రికి పడవ మీద వెళ్ళాడు. వచ్చేటప్పుడు పడవలో ఆవిడ ఒక్కతే కూర్చుని వచ్చింది. ఆ సంగతి కోడలికి ఎప్పుడూ చెప్పలేదు.

మంగళవారం పొద్దున్న అరుగు మీద సానరాయి కడుగుతుంటే సుబ్బాయమ్మ అటు వచ్చింది. మార్కెట్లో చోటు కోసం ఉగాది నాడు ఇద్దరూ జుట్లు పట్టుకున్నంత పని చేశారు. అప్పటినుంచి సుబ్బాయమ్మ తన మనవడిని ఈ అరుగెక్కించలేదు. ఇప్పుడు వాడిని చంకనేసుకుని కావాలనే గుమ్మం ముందు ఆగింది.

“ఏంటొదినా, మీవాళ్ళందరికీ ఒంట్లో బాగోలేదంట? చూడు మావాడు, నీ చేతి ఉగ్గు లేకపోయినా గుమ్మడికాయలా ఉన్నాడు!”

అచ్చాయమ్మ నోట్లో బదులు సిద్ధంగానే ఉంది. కాని ఆవిడ పిల్లవాడి వైపు చూసింది. నున్నటి బుగ్గలు, తడి కళ్ళు, బొద్దు చేతులు. తరువాత తన చేతిలో సానరాయి వైపు చూసింది. తన దగ్గరికి వచ్చేవాళ్ళు నలుగురు. నలుగురికీ ఉంది. రానివాడు ఒక్కడు. వాడికి లేదు.

కుండ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చెరువు అడుగు బురద వాసన. ఇన్నేళ్ళుగా ఊళ్ళో చేపలన్నీ వాసన చూసింది గాని, పసిబిడ్డ నోట్లో పోసే నీళ్ళని ఒక్కనాడూ చూడలేదు.

“ఏంటే, మాట పడిపోయిందా?” అంది సుబ్బాయమ్మ.

“నీ మనవడు చల్లగా ఉండాలి సుబ్బాయమ్మా,” అంది అచ్చాయమ్మ. సుబ్బాయమ్మ ఆ మాటకి బెదిరిపోయి ఇంటికెళ్ళి వాడికి దిష్టి తీసింది.

ఆ పూట అరుగు మీదికి వచ్చిన ఇద్దరు తల్లులనీ అచ్చాయమ్మ వెనక్కి పంపేసింది. “ఉగ్గు లేదు. పాలివ్వండి, అంతే.” ఎందుకని వాళ్ళు అడిగారు. రేపు చెప్తానంది. ఆ రోజు గంప ఎత్తలేదు. చెప్పాలా వద్దా అని మాత్రం ఆలోచించలేదు. చెప్పాక నాగదుర్గ బిడ్డని ఎత్తుకుని పోతుందేమో, అదే ఆలోచించింది. పోతే పోతుంది, బిడ్డ బతికుంటే ఎక్కడున్నా కళ్ళతో చూసుకోవచ్చు అని సాయంత్రానికి తేల్చుకుంది.

బుధవారం డాక్టరు జగన్నాథరావుగారు వచ్చారు. బట్టతల, చేతిసంచి, ఎండకి కందిపోయిన మొహం. ముందు పాపాయిని చూశారు. మాడు గుంట పడలేదు, పాలు గట్టిగానే తాగుతోంది, కంగారు లేదన్నారు. పాలు మానవద్దని, మధ్యమధ్య ఓఆర్ఎస్ ఎంత పట్టాలో నాగదుర్గకి చెప్పారు. తరువాత కాగితాలు తీసి మంజుషతో మొదలుపెట్టారు. మంజుష తల దించుకుంది.

“ఆ అమ్మాయిని అనకండి బాబూ,” అంది అచ్చాయమ్మ. “కాగితంలో తప్పు నాది. నలుగురికీ రోజూ ఉగ్గు పోసింది నేను. ఆ కుండలో నీళ్ళతో.”

అరుగు చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నారు డాక్టరుగారు.

“ఊళ్ళో పిల్లలకైతే ముప్ఫై ఏళ్ళనుంచండి.”

ఆయన కోప్పడతారనుకుంది. ఆయన కలం తీశారు. ఏ బిడ్డకి ఏ రోజు మొదలుపెట్టింది, ఎన్ని చుక్కలు, నీళ్ళు ఎక్కడివి, అన్నీ అడిగారు. ఆవిడ ఒక్కటీ తడుముకోకుండా చెప్పింది. అన్నీ రాసుకుని, “నీళ్ళా, రాయా, వసకొమ్మా అన్నది పరీక్ష చేస్తేగాని చెప్పలేను. ఏదైనా ఆరు నెలలదాకా అమ్మపాలు తప్ప ఏదీ వద్దు,” అన్నారు.

“ఇంకొక్కటి అడుగుతానండి. ముప్ఫై ఏడేళ్ళ కిందట ఇదే నెలలో నా పెద్దకొడుకు ఇలాగే పోయేడు. వాడికీ నేనే పోసేను. అదీ నా చేతి వల్లేనా?”

ఆయన కలం కింద పెట్టారు. “కావచ్చమ్మా. కాకపోవచ్చు. అప్పుడు ఎవరూ చూడలేదు. చూడనిది ఉందని చెప్పలేను, లేదని చెప్పలేను.”

అచ్చాయమ్మ తల ఊపింది. ఓదార్చి పంపేసి ఉంటే ఆయన మాట నమ్మేది కాదు.

నాగదుర్గ బిడ్డని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. అచ్చాయమ్మ అరుగు మీదనుంచి కదలలేదు. డాక్టరుగారు, మంజుష వెళ్ళిపోయారు, ఆడవాళ్ళు చెదిరిపోయారు. కాసేపటికి కోడలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పెట్టెలోంచి తీసిన పాత చీర ఉంది.

“దీన్ని నాలుగు ముక్కలు చింపు. గుడ్డలు చాలట్లేదు,” అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నాకెందుకు చెప్పలేదత్తా, ఆ బిడ్డ సంగతి?”

“చెప్తే నువ్వు భయపడతావనే.”

“ఇప్పుడు కూడా భయంగానే ఉంది. అయినా ఎక్కడికీ పోను. చింపు.”

శనివారానికి పాపాయికి విరేచనాలు తగ్గాయి. పైవారానికి నలుగురూ తేరుకున్నారు. పల్లె పరిశోధనలోనే ఉంది.

జూన్‌లో కాలువలు వదిలాక మంజుష తెచ్చిన కాగితం కొత్తది. ‘ఇంకేమైనా ఆహారం’ అన్న ప్రశ్న పోయింది. దాని చోట ఉగ్గు, ఆముదం, తేనె, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్ అని ఒక్కొక్కటీ విడివిడిగా ఉంది. ఆ పేర్లన్నీ చెప్పి రాయించింది అచ్చాయమ్మే. బుధవారాలు మార్కెట్ పెందలాడే ముగించుకుని ఆవిడే మంజుష వెంట ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మూడో ఇల్లు సుబ్బాయమ్మది.

“ఏమీ పెట్టలేదండి,” అంది సుబ్బాయమ్మ మంజుషతో, అచ్చాయమ్మని చూడనట్టుగా.

“తేనె?” అంది అచ్చాయమ్మ.

“నా ఇంట్లో నీ పెత్తనమేంటే?”

“పెత్తనం కాదు, అడుగుతున్నాను. తేనె నాకించేవా లేదా?”

సుబ్బాయమ్మ కొంగు సర్దుకుంది. కోడలి వైపు చూసింది, దూలం వైపు చూసింది. “ఆదివారం... ఏదో కాస్త. వేలితో.”

“ఆదివారం ఒక్కటేనా?”

“శుక్రవారం కూడాను. చాలా?”

“రాసుకోండి అమ్మాయిగారూ, రెండుసార్లు,” అంది అచ్చాయమ్మ గుమ్మంలో చతికిలబడుతూ. “ఆ వేలు కడుక్కుందో లేదో అది కూడా అడిగి రాయండి.”