కాకితల్లి ముఖాన కుంకుమ

శాంతాదేవి బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. ఐదు మేకులే మిగిలాయి.

కూతురు షామిని డెంగీతో పోయి నలభై రోజులు. ఆ పిల్ల ఆరేళ్ళుగా తెప్పించుకున్న అమెరికా హోపీ తెగవాళ్ళ ఐదు చెక్కబొమ్మలూ ఇప్పుడు దేవుడి మందిరంలో వరసగా నిలబడి ఉన్నాయి. నుదుటి నిండా తడి కుంకుమ, మెడలో మల్లెపూలు. ఆడపడుచు ఎర్రమ్మ పీట మీద కూర్చుని ప్లాస్టిక్ సంచి విప్పుతోంది.

"ఏటిది వదినా?"

"నీ దెయ్యాలకి సాంతి సేసినాను. ఇంక మోరిబ్ ఒడ్డుకెళ్ళి సముద్రంలో కలిపేద్దాం. డ్రైవరు కారుతో బయటే ఉన్నాడు, లే."

"అవి షామినివి."

"అందుకే కదా లా! తలకి కాకిరెక్కలు పెట్టుకున్న బొమ్మని ఇంట్లో ఏలాడదీస్తే పిల్ల దక్కుతాదా? మనకి దేవుళ్ళు కరువైనారా, ఎక్కడో అమెరికా ఎడారి నుంచి తెచ్చుకోడానికి?"

"దేవుళ్ళు కావు వదినా. వానలు తెచ్చే కత్సినాలనే ఆత్మలు హోపీల ఊళ్ళోకి నాట్యమాడటానికి వచ్చినప్పుడు ఆడపిల్లల చేతిలో పెడతారు ఈ బొమ్మల్ని. గోడకి కట్టుకుని, ఏది ఎవరో పిల్ల నేర్చుకుంటుంది. అంతే, పూజ చెయ్యరు."

"నాకు బడిపాఠం సెప్పకు. నాను సేసేసినాను కదా! కుంకం పెట్టినాక రోజూ నైవేద్దిం పెట్టాల, లేదంటే నీటిలో కలపాల. ఏది సేస్తావు?"

అదీ మెలిక. ఒకసారి బొట్టు పెట్టిన పటాన్ని, అది పగిలినా సరే, ఆ ఇంట్లో ఎవరూ ఊరికే గోడకి వదిలెయ్యరు. ఎర్రమ్మ అది తెలిసే చేసింది.

శాంతాదేవి కాకిరెక్కల బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. తువ్వాలు అందుకుంది.

"తుడవకు! మొగుడు బతికుండగా కుంకం తుడుస్తావేటే? నీకు బుద్దుందా?"

చెయ్యి ఆగింది. తరవాత తుడిచింది.

కుంకుమతోపాటు రంగు కూడా ఊడివచ్చింది. పైన ఏ పూతా లేని మట్టిరంగులు. నీలం చెంప సగం తువ్వాలుకు అంటుకుంది. కింద ఉత్త చెక్క బయటపడింది.

"మొకం పోయినాది. ఇంకేటి మిగిలినాది నీకు?"

"ఇది కాకితల్లి. కత్సినాలందరికీ అమ్మ. షామినే చెప్పింది నాకు."

"పిల్లని మింగినాది అమ్మెలాగవుతాది?" ఎర్రమ్మ సంచి నలిపి విసిరికొట్టింది. "ఇంక నీ గుమ్మం తొక్కను."

"తొక్కకు వదినా."

బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. శాంతాదేవి తువ్వాలు మడత మార్చి రెండో బొమ్మను తీసింది.