రాజుగారు తాకనన్న కారు

నేను ఒక స్పోర్ట్స్ కారుని. రంగు ఎరుపు, తలుపులు రెండు, సీట్లు రెండు, పొగరు మాత్రం పదిమందికి సరిపడా. సముద్రాలు దాటి ఓడలో వచ్చాను. హైదరాబాదులో మొదటి యజమాని, ఒక కాంట్రాక్టరు, నన్ను మూడేళ్లు ఫొటోలకు వాడుకుని భీమవరం విశ్వనాథరాజుగారికి అమ్మేశాడు. రాజుగారివి రొయ్యల చెరువులు. చెరువు గట్ల మీద నా పొట్ట నేలకు రాసుకునేది. అయినా ఆయనకు నేనంటే ప్రాణం. ఇంట్లోవాళ్లు అది చూసి నవ్వుకునేవారు, నేను గర్వపడేదాన్ని. ఆ గర్వం గురించి చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కిందటేడు కార్తీకంలో రాజుగారు అయ్యప్ప దీక్ష పట్టారు. నల్లబట్టలు, నేలపడక, చన్నీళ్ల స్నానం సరే, బాగా ఇష్టమైంది కూడా ఒకటి వదలమన్నారట గురుస్వామి పట్టాభిగారు. రాజుగారు తడుముకోకుండా నన్ను వదిలారు. నలభై ఒక్క రోజులూ నన్ను తాకనని పదిమందిలో మాట ఇచ్చారు.

నన్ను దాచే పని డ్రైవరు సింహాచలం మీద పడింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో స్టీరింగు పట్టినవాడు. అసలే చలికాలం, అందులోనూ చెరువుల ఊరు, గాలి నిండా తేమే. అతను నన్ను కడిగి రెండు రోజులు ఆరబెట్టాడు. ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల నీరు చేరుతుందని పెట్రోలు నిండా పోయించాడు. టైర్లు ఒకే పక్క అణిగిపోకుండా గాలి కాస్త ఎక్కువ పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే చెమ్మకి పట్టేస్తుందని చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు. బ్యాటరీ వైరు విప్పాడు, సైలెన్సరు మూతిలో గుడ్డ కుక్కాడు, సీట్ల కింద కలరా ఉండలు వేశాడు. ఎవరో ప్లాస్టిక్ పట్టా తెస్తే వెనక్కి పంపి, గాలాడే నూలుగుడ్డ తెప్పించి కప్పాడు. పసిపిల్లని పడుకోబెట్టినంత ఓపికగా చేశాడు.

వారం తిరక్కుండానే రాజుగారు వచ్చారు. సాయంత్రం పూజ అయ్యాక, అల్పాహారానికి పెట్టిన అటుకులూ బెల్లమూ నల్ల కండువాలో మూటగట్టుకుని షెడ్డులోకి దూరారు. గుడ్డ ఎత్తి, లోపల కూర్చుని, ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఆ అటుకులు తిన్నారు. దిగాక, చప్పుడైతే ఎవరైనా వింటారని నా తలుపు సగమే మూసేవారు. ఆ పైన రోజూ అదే వరస. కారువి, నువ్వేం చెయ్యగలవని మీరు అనొచ్చు. సంతోషపడకుండా ఉండొచ్చు కదా? నేను సంతోషపడ్డాను. దేవుడికిచ్చిన మాటకంటే నేనే ఎక్కువయ్యానని మురిసిపోయాను.

పొద్దున్నే సింహాచలం వచ్చి, తలుపు గట్టిగా నొక్కి, జారిన గుడ్డ సర్ది వెళ్లేవాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. దీక్షలో ఎదుటివాళ్లందరూ స్వాములే కాబట్టి రాజుగారు ఆ రోజుల్లో అతన్నీ ‘స్వామీ’ అనే పిలిచేవారు, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టేవారు.

సగం మూసిన తలుపులోంచి ఎలుకలు వచ్చాయి. ముందు సీటు కింద రాలిన అటుకులు తిన్నాయి, ఓ రాత్రి రాజుగారు మరిచిపోయిన కండువా అంచు కొరికాయి, తర్వాత నా వైర్లు తిన్నాయి. బెల్లం ముందు కలరా ఉండల వాసన ఏ పాటి?

శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన మర్నాడు, రాజుగారు గురుస్వామినీ బావమరుదులనీ వెంటబెట్టుకుని వచ్చి నా గుడ్డ తీయించారు. బ్యాటరీ తగిలించినా నేను మూలగనైనా మూలగలేదు. మెకానిక్కు సీటు కింద చెయ్యి పెట్టి ఎలుకగూడు బయటికి లాగాడు. కొరికిన వైర్లు, అటుకులు, వాటి మధ్య ఓ నల్లగుడ్డ పీలిక. కారులో కూర్చుని తిన్నదెవరని గురుస్వామి అడిగారు.

రాజుగారు పక్కనే నిలబడ్డ సింహాచలం వైపు తిరిగారు. “ఏరా సింహాచలం, నా కారులో కూర్చుని తింటున్నావా?” అన్నారు. దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఏమిటో నేను అప్పుడు చూశాను.

సింహాచలం వంగి ఆ పీలికని గుప్పిట్లోకి తీసుకున్నాడు. మిగతావాళ్లు దాన్ని సరిగా చూడనే లేదు.

“తప్పయిపోయిందండి” అన్నాడు.

రాజుగారు అతన్ని ఇక పనిలోకి రావద్దన్నారు. కారు పాడుచేశాడని పేరొచ్చాక, యాభై అయిదేళ్ల డ్రైవరుకి ఆ ఊళ్లో ఇంకో స్టీరింగు దొరకదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

నా వైర్లు మార్చేదాకా ఉండి, స్టార్టు చేసి చూపించి, సింహాచలం తాళం రాజుగారికి ఇచ్చాడు. అప్పుడు షెడ్డులో వాళ్లిద్దరే ఉన్నారు. తాళంతో పాటు ఆ నల్లపీలిక కూడా ఆయన చేతిలో పెట్టాడు.

“వచ్చే ఏడు కారులో అటుకులు తినకండి స్వామీ. ఎలకలొచ్చేత్తాయి.”

రాజుగారు పీలికని జేబులో కుక్కుకున్నారు. సింహాచలం చెప్పులేసుకుని గేటు దాటిపోయాడు. కాసేపటికి ఆయన గబగబా నాలో కూర్చుని తాళం తిప్పారు. నేను ఒక్కసారికే స్టార్టయ్యాను. అతన్ని వెనక్కి పిలవడానికే వెళ్తున్నాం అనుకున్నాను.

కాలవగట్టు రోడ్డు మీద సింహాచలం చేతిసంచీతో నడుస్తున్నాడు. దగ్గరికి వచ్చేసరికి రాజుగారు వేగం తగ్గించారు, పక్క అద్దం సగం దించారు. అంతలో ఎదురుగా గురుస్వామిగారి స్కూటరు కనిపించింది. అద్దం పైకి లేచింది. ఆయన చెయ్యి హారన్ మీద పడింది.

అరిచింది నా గొంతే. సింహాచలం ఉలిక్కిపడి, వెనక్కి చూడకుండానే గడ్డిలోకి దిగి మాకు దారి ఇచ్చాడు.